తంబుర చరిత్రము – శ్రుతిసేవ



ఈ ప్రసంగమును మేము ఒక తప్పు దిద్దుకొనుటతో ప్రారంభింపవలసి యున్నది. నాలుగేండ్ల క్రిందట శ్రీరామనవమి ఉత్సవములలో, ఇదే మండపమున, నామసంకీర్తన మహిమను గూర్చి చెప్పుచు, "తంబుర వేదకాలము నాటిది, ఋషులు తంబుర మీటుచునే సామగానము చేసిరి" అని మేము పలికితిమి. సభలో కరతాళధ్వనులు మ్రోగినవి. సభ ముగిసిన పిదప మా పాఠశాలలోనే క్రమము చదువుచున్న ఒక పిల్లవాడు వచ్చి నమస్కరించి, "గురువుగారూ, తాము సెలవిచ్చిన తంబుర మాట ఏ బ్రాహ్మణములో ఉన్నదో చెప్పినచో వ్రాసికొందును" అని వినయముగ అడిగెను. "రేపు చూచి చెప్పెదము నాయనా" అంటిమి. నాలుగు మాసములు గడచినను ఆ రేపు రాలేదు. ఎంత వెదకినను మాకు వేదమున తంబుర కనబడలేదు. అక్కడ లేనిది కనబడుట ఎట్లు?

వ్యాసపీఠము ముందు కూర్చుండి చెప్పిన మాటకు బాధ్యత కలదు. విన్నవారు దానిని ఇంటికి తీసికొనిపోయి పిల్లలకు చెప్పుదురు. కావున డెబ్బది దాటిన ఈ వయస్సున పుస్తకములు మరల విప్పి, మొదటినుండి చదువుకొని, తెలిసికొన్నదానిని మీ ముందుంచుచున్నాము.

వేదమునందలి వీణ

వేదమున వీణ లేదని మా మాట కాదు. వీణ కలదు. అశ్వమేధయాగమున ఒక బ్రాహ్మణుడు పగటివేళ, ఒక రాజన్యుడు రాత్రివేళ వీణ మీటుచు యజమానుని దానములను, విజయములను గానము చేయవలెనని తైత్తిరీయ బ్రాహ్మణము విధించుచున్నది. మన ఇండ్లలో జరుగు సీమంతమునందును వీణాగాయకులను పాడుమని ఆజ్ఞాపించు విధి గృహ్యసూత్రములలో కలదు. నేడు చాలచోట్ల వీణ లేకయే, మంత్రము చెప్పి ముందునకు సాగుచున్నాము. మహావ్రతమున నూరు తంతులు గల "వాణము" అను వాద్యము చెప్పబడినది. కాని పాట వెనుక ఒకే షడ్జమును ఎడతెగక నిలుపుటకే ఏర్పడిన వాద్యము వీనిలో ఒకటియు లేదు.

సామగానమునకు ఆధారస్వరము వాద్యమునుండి రాదు. గురువు కంఠమే శిష్యునకు ఆధారము. మేము బాల్యమున సంత చెప్పుకొనునాడు గురువుగారు ఎత్తిన స్థాయినే పదిమందిమి పట్టుకొనుచుంటిమి. ఒకని గొంతు జారినచో ప్రక్కవాడు మోచేతితో పొడుచుచుండెడివాడు. మాకు అదియే తంబుర! వేదాధ్యయనము నేటికిని అట్లే జరుగుచున్నది.

ధనుస్సు వంటి వీణలు

వేదము తరువాత గాంధర్వమునకు పెద్దదిక్కు భరతముని నాట్యశాస్త్రము. అందు ఏడు తంతుల చిత్రావీణయు, తొమ్మిది తంతుల విపంచియు చెప్పబడినవి. శ్రుతుల యెడములను నిరూపించుటకు ధ్రువవీణ, చలవీణ అను రెండు వీణలను ప్రక్కప్రక్కన ఉంచి పోల్చిచూచు పద్ధతియు కలదు. ఇందలి ధ్రువవీణను చూపి "ఇదియే తంబుర" అనువారు కలరు. అది సరికాదు. ధ్రువవీణ కొలతకు ఉపయోగించినది. పాటకు నేపథ్యముగ మీటినది కాదు.

ఆ కాలపు వీణ రూపమును చూడగోరువారు గ్రంథములు విప్పనక్కరలేదు. మన కృష్ణాతీరమున అమరావతి, నాగార్జునకొండ శిల్పములను చూచిన చాలును. ధనుస్సువలె వంగిన కొమ్మునకు వరుసగా తంతులు బిగించిన వీణను ఒడిలో నిడుకొని మీటువారు అక్కడ కానవచ్చెదరు. నాలుగవ శతాబ్దమున సముద్రగుప్తచక్రవర్తి తన బంగారు నాణెములపై తాను మీటుచున్నట్లు ముద్రింపించుకొన్న వీణయు ఈ జాతిదే. ఇట్టి వీణలో ఒక్కొక్క తంతి ఒక్కొక్క స్వరము. గ్రామమూర్ఛనా పద్ధతిలో నేడు ఒక తంతినుండి, రేపు మరియొక తంతినుండి ఆరోహణము మొదలగును. ఆధారమే మారుచుండగా, ఒకే స్వరమును పట్టి నిలుపు వాద్యముతో వారికి పనియేమి?

పదుమూడవ శతాబ్దమున దేవగిరిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమును రచించెను. అందు ఏకతంత్రీవీణకు అగ్రస్థానము కలదు. ఏకతంత్రి యనగానే మనకు భజనపరుల చేతిలోని ఏకతార తోచును. కాని శార్ఙ్గదేవుని ఏకతంత్రిలో వెదురుముక్కను తంతిపై జరుపుచు సప్తస్వరములను పలికించెడివారు. అంత వివరముగ వాద్యములను వర్ణించిన ఆ మహాగ్రంథమున తంబుర ప్రసక్తి లేకుండుట ఊరక జరిగినది కాదు. అప్పటికి అది మన సభలలోనికి రాలేదు.

ఒకే షడ్జము

పిదప జరిగిన మార్పు మన విజయనగర సామ్రాజ్యపు దినములలో స్పష్టముగ కానవచ్చును. 1550లో అళియ రామరాయల ఆదరమున రామామాత్యుడు స్వరమేళకళానిధిని రచించెను. అందలి వీణకు మెట్లు కలవు. పాడు తంతులు పైన నాలుగు. ప్రక్కగా శ్రుతికొరకు మూడు. ఈ మూడు తంతులను గమనింపుడు. పాట నడచుచుండగా షడ్జపంచమములను వినిపించుచుండుటయే వాని పని. తంబుర అను ప్రత్యేకవాద్యమునకు ముందే, తంబుర చేయవలసిన సేవ వీణ ప్రక్కన మొలకెత్తినది.

ఏల మొలకెత్తినది? రాగములన్నియు ఒకే షడ్జమునుండి పాడు సంప్రదాయము స్థిరపడినందున. తంజావూరు తెలుగు నాయకరాజుల ఆస్థానమున, రఘునాథనాయకుని (1600–1634) కాలములో, గోవిందదీక్షితులవారు ఉండగా, ఇరువదినాలుగు మెట్ల వీణ రూపుదిద్దుకొన్నది. ఆ దీక్షితులవారి కుమారుడు వేంకటమఖి విజయరాఘవనాయకుని ఏలుబడిలో చతుర్దండీప్రకాశికను రచించి డెబ్బదిరెండు మేళములను లెక్కగట్టెను. డెబ్బదిరెండింటికిని షడ్జము ఒక్కటే, పంచమము ఒక్కటే. తక్కిన స్వరములు మారును. ఇవి రెండును మారవు. మారని దానిని పట్టియుంచుటకు ఒక చేయి కావలసివచ్చినది. పదునేడవ శతాబ్దమున అహోబలుని సంగీతపారిజాతము తంబురను పేర్కొని, నిబద్ధమని, అనిబద్ధమని రెండు విధములుగ చెప్పినది. ఆ కాలపు చిత్రములలోను పొడవైన దండిగల తంబుర గాయకుల భుజములపై కానవచ్చుచున్నది.

కావున పాట వెనుక శ్రుతి నిలుపు మన తంబురకు ఇంచుమించు నాలుగువందల యేండ్ల వయస్సు. వేలయేండ్లు కాదు. నాడు మేము చెప్పినది తప్పు.

పేరు సంగతి

"మరి తుంబురుని మాట యేమి?" అని మీరు అడుగవచ్చును. తుంబురుడు గంధర్వుడు, అశ్వముఖుడు, నారదునితో సమముగ హరిని గానము చేసినవాడు. తిరుమల కొండలలో ఆయన పేరిట తుంబురతీర్థము కలదు. ఫాల్గుణ పూర్ణిమనాడు అక్కడ ముక్కోటి జరుగును. పదునారవ శతాబ్దపు కవి పింగళి సూరన కళాపూర్ణోదయమున నారదతుంబురుల స్పర్ధను కథగా మలచెను. ఆయన వీణకు కళావతి యని పేరు. తంబుర అను మాట తుంబురుని నుండియే వచ్చినదని మన పెద్దల విశ్వాసము. పారసీకదేశమున తన్‌బూర్ అను పొడవు దండి వాద్యము కలదు కావున ఆ మాటయే ఇటు వచ్చినదని చరిత్రకారులు పలువురు చెప్పుదురు. అయితే ఆ తన్‌బూర్ మెట్లుగల వాద్యము. దానిపై పాట పలికింతురు. మెట్లు తీసివేసి, పాటను విడిచి, షడ్జపంచమములు మాత్రమే నిలుపుమని ఒక వాద్యమును నియమించినది మన దేశము. పేరు ఏ త్రోవన వచ్చినను, ఆ పనిని కల్పించినది ఇక్కడి సంగీతము.

వచ్చిన తరువాత అది ఎవరి చేతిని విడిచినది? ఉంఛవృత్తికి వెడలు త్యాగరాజస్వామిని (1767–1847) భుజమున తంబుర లేకుండ మనము ఊహింపజాలము. తెలంగాణమున శారదకథలు చెప్పువారు తంబురను "శారద" అనియే పిలుతురు. వాద్యమునకు సరస్వతీదేవి పేరు పెట్టుకొన్న భక్తి వారిది. బుర్రకథకు ఆ పేరిచ్చిన బుర్రయు కథకుని భుజముపైనున్న తంబురయే. సంగీతసభలో పండితుని వెనుక కూర్చున్నదియు, వీథిలో జంగముని భుజమున ఉన్నదియు అక్కచెల్లెండ్రే.

వాద్యమున జీవ

తంబురకు నాలుగు తంతులు. మొదటిది మంద్రపంచమము, రెండవదియు మూడవదియు మధ్యషడ్జములు, వీనిని సారణి, అనుసారణి యందురు, నాలుగవది మంద్రషడ్జము. మొదటి మూడును సాధారణముగ ఉక్కుతీగెలు, నాలుగవది ఇత్తడితీగె. తంజావూరు తంబురకు కాయ పనసకఱ్ఱతో తొలిచినది. మహారాష్ట్రమున మిరజ్ పట్టణపు తంబురకు కాయ ఎండిన సొరబుఱ్ఱ; ఆ సొరకాయలు పాండురంగస్వామి వెలసిన పండరపురపు పరిసరములలో పండును. మిరజ్ తంబురకును సితారునకును 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది.

తంతులు కాయమీద గుఱ్ఱముపై ఆనును. ఈ గుఱ్ఱము పైభాగము చదునుగ ఉండదు, మెల్లగా వాలియుండును. తంతికిని గుఱ్ఱమునకును నడుమ ఒక నూలుపోగునో పట్టుపోగునో ఉంచుదురు. దానికి "జీవ" యని పేరు. పోగును వెండ్రుకవాసి ముందునకు వెనుకకు జరుపగా, ఒకచోట తంతి తుమ్మెదవలె ఝుమ్మని నిండుగా మ్రోగును. ఆ చోటు తప్పినచో తీగెచప్పుడు తప్ప నాదము లేదు. పైసా ఖరీదు చేయని పోగునకు మన పెద్దలు "జీవ" యని పేరు పెట్టిరి!

ఇందలి రహస్యమును భౌతికశాస్త్రమున చూచినవాడు చంద్రశేఖర వెంకటరామన్. బాల్యమున మన విశాఖపట్టణమున చదువుకొన్న ఆ మహనీయుడు 1921లో వీణ, తంబురలను గూర్చి ఒక పత్రమును ప్రకటించెను. తంతిని ఒకానొక చోట మీటినచో ఆ చోటునకు సంబంధించిన కొన్ని అనుధ్వనులు పుట్టరాదని పాశ్చాత్యశాస్త్రమున ఒక నియమము కలదు. మన తంబురలో ఆ పుట్టరానివియు బలముగ పుట్టుచున్నవని, దానికి వంపుగల గుఱ్ఱమును ఈ పోగును కారణమని ఆయన చూపెను.

అందువలననే ఒక వింత కలదు. చక్కగ శ్రుతి చేసిన తంబురలో మంద్రషడ్జమును మీటి చెవియొగ్గి వినుడు. ఎవరును మీటని అంతరగాంధారము దానంతట అది వినవచ్చును. దానిని స్వయంభూగాంధారమందురు. స్వయంభూమూర్తులను సేవించు మనకు ఆ మాట కొత్త కాదు.

మా దేవాలయపు తంబుర

ఇన్ని చదివిన తరువాత, మా ఊరి రామాలయమున ఒక తంబుర ఉండవలెను గదా యని జ్ఞప్తికి వచ్చినది. మా చిన్ననాట ఏటేట నవమికి వచ్చు ఒక హరిదాసుగారు తమ అంత్యకాలమున దానిని స్వామికి సమర్పించిరి. పండ్రెండేండ్ల మమ్ము ఆయన ఒకనాడు పిలిచి దానిని ఒడిలో నుంచిరి. మేము కీర్తన వేగమునకు తగినట్లు గబగబ మీటితిమి. ఆయన పాట ఆపి, "బాబూ, తాళం నీ పని కాదు. నువ్వు నిదానంగా ఉంటే నేను పరుగెత్తగలను" అనిరి. మధ్యవ్రేలితో పంచమమును, చూపుడువ్రేలితో తక్కిన మూడింటిని, ఒకదాని నాదము అణగకమునుపే మరియొకదానిని మీటుట నేర్పిరి.

ఆ తంబుర వంటశాల వెనుకనున్న కొట్టులో దొరకినది. పొయ్యి తగులు గోడకు ఆనించి నిలువబెట్టియుండిరి. తంతులు బిగించినవి బిగించినట్లే ఉండి, దండి కొంచెము వంగినది. కాయ అతుకు విడినది. జీవలు నాలుగును లేవు. మండపమున దాని స్థానములో చేతిపెట్టెయంత యంత్రము శ్రుతి పలుకుచున్నది. ఎవరిని నిందింతుము? ఆ దేవాలయమునకు ప్రతినవమికి పోయి, తంబుర మహిమ చెప్పి, దక్షిణ గ్రహించి వచ్చినవారము మేమే. అది ఎక్కడ ఉన్నదని ఏనాడును అడుగలేదు. లేని ప్రాచీనతను దానికి అంటగట్టితిమి గాని, ఉన్నదానిని తుడుచుటకు ఒక గుడ్డముక్క ఇయ్యలేదు.

వీణలు చేయు ఒక వృద్ధ శిల్పి వద్దకు దానిని తీసికొనిపోతిమి. ఆయన కాయపై తట్టి చూచి, "అయ్యగారూ, కర్ర బాగానే ఉందండి. జీవ పోయిందంతే" అనెను. అతుకు వేసి, దండి సరిచేసి, గుఱ్ఱముపై తీగెలు కోసిన గాళ్లను ఆకురాయితో సరిచేసి ఇచ్చెను. దండి వంపు పూర్తిగ పోలేదు. అయినను నాదము వచ్చినది.

ఆయన చెప్పినవియు, హరిదాసుగారు నేర్పినవియు మీ మేలుకొరకు చెప్పుచున్నాము. తంబురను ఎండకు, పొయ్యి వేడికి, తడిగోడకు దూరముగ ఉంచవలెను. గోడకు నిలువుగ ఆనింపక, గుడ్డ పరచి పరుండబెట్టి, ముసుగు కప్పవలెను. పలుదినములు వాడనిచో తంతులను కొంచెము సడలింపవలెను, పూర్తిగ విప్పరాదు. చెమట తీగెలకు త్రుప్పు తెచ్చును కావున మీటిన వెంటనే పొడిగుడ్డతో తుడువవలెను, నూనె రాయరాదు. బిరడలు జారినచో సుద్దపొడి రాయవలెను, సుత్తితో కొట్టరాదు. ముందు బిరడతో, పిదప గుఱ్ఱమునకు ఈవలనున్న పూసలతో శ్రుతి కలుపవలెను. జీవ నలిగినచో క్రొత్త పోగు పెట్టవలెను. గుఱ్ఱమున గాళ్లు పడినచో తెలిసినవాని చేతికే ఇయ్యవలెను; తెలియక ఆకురాయి పట్టినచో నాదము పోవును.

యంత్రము, మనుష్యుడు

1970ల చివరనుండి మన దేశముననే తయారగుచున్న విద్యుత్ తంబురను మేము దూషింపబోము. ఒంటరిగ సాధన చేయు విద్యార్థికి అది ఉపకారి. విదేశమున ఇంటిలో కూర్చుండి కీర్తన నేర్చుకొను మన పిల్లలకు అదియే దిక్కు. గాలితిత్తి, శ్రుతిపెట్టె వచ్చినపుడును పెద్దలు విసుగుకొనిరి. అవియు మన భజనలలో కలిసిపోయినవి. నాలుగువందల యేండ్ల క్రిందట క్రొత్తదిగ వచ్చిన తంబురయే నేడు మనకు పురాతనము గదా!

కాని దేవాలయమున ఒక మాట కలదు. ఇక్కడ మనము స్వామికి అర్పించునది ధ్వని మాత్రమే కాదు. వింజామర వీచుట ఉపచారము. గాలికి విద్యుత్ పంఖా చాలునని వింజామరను తీసివేసితిమా? వీచు చేయి ఉన్నది కావుననే అది సేవ. తంబుర మీటువానికి పాట లేదు, మెచ్చుకోలు లేదు, సభలో పేరు లేదు. గంటసేపు ఒకే షడ్జమును నిలుపుటయే అతని వంతు. శ్రుతి తల్లి, లయ తండ్రి యని పెద్దల మాట. తల్లి వలెనే, ఉన్నంతసేపు ఎవరును ఆమెను గమనింపరు.

వేదమునకు శ్రుతి యని పేరు. తంబుర నిలుపుదానికిని శ్రుతి యనియే పేరు. ఈ రెండింటిని ముడిపెట్టి వెనుకటివలె మరల ఒక కథ చెప్పగలము. చెప్పము. వేదము వేదమే, తంబుర తంబురయే. ఒకదాని గౌరవమును అరువు తెచ్చి మరియొకదానికి పెట్టనక్కరలేదు. త్యాగరాజస్వామి భుజము మీద ఉండుట చాలదా? ఒక హరిదాసు జీవితమంతయు మోసి స్వామికి ఇచ్చుట చాలదా?

ఆ పిల్లవాడిని మొన్న పిలిపించి, "నాయనా, నీవు అడిగినది ఏ బ్రాహ్మణములోను లేదు. మేము పొరబడితిమి" అని చెప్పితిమి. అతడు తల వంచుకొని కొంతసేపు మాటాడలేదు. పిదప, "గురువుగారూ, ఏకాదశినాడు భజనలో దానిని నేను మీటవచ్చునా?" అని అడిగెను.

ఇప్పుడు ప్రతి ఏకాదశికి అతడు మీటుచున్నాడు. తక్కిన దినములలో ఆ తంబుర ముసుగు కప్పుకొని మండపములోనే, స్వామికి కుడిప్రక్కన, పరుండియున్నది. మీ ఊరి దేవాలయమున కొట్టులోనో అటకమీదనో ఇట్టిది ఒకటి ఉండవచ్చును. ఈ పుస్తకమును ముడిచి ఒకసారి పోయి చూడుడు.

స్వస్తి.